ఆ సాయంత్రం ముప్పై నాలుగు

ఆయన్ని ఎవరైనా "ఎలా ఉన్నారండీ?" అని పలకరిస్తే "నాలుగు డిగ్రీలు" అంటాడు. బాగున్నానని అర్థం. టీకా మందులు దాచే ఫ్రిజ్ రెండుకీ ఎనిమిదికీ మధ్య ఎక్కడున్నా ఫరవాలేదు గానీ, నాలుగు దగ్గర నిలబడితే స్టోర్ కీపరుకి కడుపులో చల్ల కదలదు. ఈ జోకు మొదటిసారి వేసినప్పుడు ఆఫీసులో నలుగురు నవ్వారు. ఇరవై తొమ్మిదేళ్లుగా అదే జోకు. ఇప్పుడెవరూ నవ్వరు, ఆయనా నవ్వించడానికి అనడు. జనం మాత్రం ఆయనకి నాలుగు డిగ్రీలాయన అని పేరు పెట్టి ఊరుకున్నారు. అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఇంకెక్కడా కనపడదు.

ఆస్పత్రి వెనకాల మందపాటి గోడల పాత భవనం, అదే టీకాల స్టోరు. లోపల పెట్టెల్లాంటి ఫ్రిజ్‌లు ఐదు, పైకి తెరుచుకునే మూతలతో. ఒక్కోదానికీ ఒక చార్టు. ఉదయం తొమ్మిదికీ సాయంత్రం ఐదుకీ లోపలి వేడి ఎంతో చూడాలి, రాయాలి, సంతకం పెట్టాలి. మొదటి ఫ్రిజ్ చార్టు చివర 'బయట' అని ఒక సన్నటి గడి ఉంటుంది. దాన్ని ఏ ఊళ్లోనూ ఎవరూ నింపరు. పైవాళ్లు అడగరు కూడా. ఈయన మాత్రం ఉద్యోగంలో చేరిన రోజునే వరండాలో నీడపట్టున ఒక థర్మామీటరు మేకుకి తగిలించి ఆ గడి కూడా నింపడం మొదలుపెట్టాడు. ఎందుకయ్యా ఈ చాకిరీ అని అప్పటి ఆఫీసరు అడిగితే, "గడి ఉంది కదండీ" అన్నాడు. ఇలాంటి మనుషులతో వాదించి నెగ్గినవాళ్లు లేరు.

కాకిలెక్కలంటే ఆయనకి ఒళ్లు మంట. మధ్యాహ్నం ఇంటికి పోతూ పోతూ సాయంత్రం రీడింగు కూడా రాసేసి పోయే స్టోర్ కీపర్లు లోకంలో కొల్లలు. నెల మొత్తం నాలుగు, నాలుగు, నాలుగు అని వరసగా ఉందంటే ఆ మహానుభావుడు నెలాఖరున ఒక్క ఊపున కూర్చుని రాశాడన్నమాటే. తను సెలవు పెట్టినప్పుడు బదులొచ్చే గుమాస్తాకి మన నాలుగు డిగ్రీలాయన చిలక్కి చెప్పినట్టు చెప్పేవాడు: "చూస్తేనే రాయండి. చూడకపోతే గడి ఖాళీగా వదిలెయ్యండి. ఖాళీ గడి వల్ల ఎవరూ చావరు." పొరపాటున తప్పు రాస్తే చెరపకూడదు. కింద ఉన్నది కనపడేలా ఒక్క గీత కొట్టి, పక్కన సరైనది రాసి సంతకం పెట్టాలి. అదీ పద్ధతి.

ఇంతటి నిజాయితీపరుడు ఇరవై తొమ్మిదేళ్లలో ఒక్క గడి మాత్రం చూడకుండా రాశాడు. దాని కథే ఇది.

ఆయన భార్య పోయి ఎనిమిదేళ్లు. పిల్లల్లేరు. ఉండేది మూడంతస్తుల మేడ మీద రేకుల గది. గదిలో ఒక మూల ఆవిడ కుట్టుమిషను, దాని మీద పాత దుప్పటి కప్పి ఉంటుంది. ఆవిడ పోయిన వారం చుట్టాలెవరో కప్పారు, ఈయన తీయలేదు. నిలబడే భోంచేస్తాడు, ఒక్కడికి పీట వేసుకోవడం ఎందుకని. సాయంత్రం ఇంటికెళ్లి మర్నాడు స్టోరుకి వచ్చేదాకా నోరు విప్పే అవసరం ఒక్కసారీ రాని రోజులే ఎక్కువ. పొద్దున్నే గేటు దగ్గర వాచ్‌మన్‌ని పలకరిస్తే గొంతు బొంగురుగా వచ్చేది. "జలుబు చేసిందా సార్?" అని అడిగేవాడు వాచ్‌మన్. "ఆఁ, కొంచెం" అనేవాడు. ఎనిమిదేళ్ల జలుబు.

ఆ పరిస్థితిలో పై ఆఫీసు నుంచి ఒక కాగితం వచ్చింది. వాతావరణం మారుతోంది, ఎండలు ముదురుతున్నాయి, జనం ఆరోగ్యం ఏమవుతోందో ఆ రంగంలో పనిచేసేవాళ్లు ఒకరి దగ్గర ఒకరు నేర్చుకోవాలి, ఇష్టమున్నవాళ్లు ప్రతి శనివారం మధ్యాహ్నం మూడింటికి ఫోన్లో కలవొచ్చు అని. ఇష్టమున్నవాళ్లు అన్నారు కాబట్టి ఆఫీసులో ఎవరికీ ఇష్టం లేకపోయింది. కాగితం బల్లలన్నీ తిరిగి, రెండు టీ మరకలు పడ్డాక, ఆయన దగ్గరికొచ్చి ఆగింది.

ఆయన చేరింది నేర్చుకుందామని కాదు. ఉన్నమాట చెప్పుకోవాలి. శనివారం ఒంటిగంటకి ఆఫీసు మూసేస్తారు. అక్కణ్నుంచి సోమవారం తొమ్మిదింటిదాకా ఎంత పొడుగో ఒంటరివాళ్లని అడగండి. ఆదివారం రెండుపూటలా ఫ్రిజ్‌లు చూడటానికి స్టోరుకి వెళ్లొచ్చేవాడు, ఎవరూ రమ్మనకపోయినా. అలాంటి మనిషికి శనివారం మూడింటికి ఎక్కడో ఒకచోట ఉండాలన్న మాటే చాలు. ఖాళీ టీకా డబ్బాకి ఫోన్ ఆనించి, దాని ముందు చొక్కా సర్దుకుని కూర్చున్నాడు.

ఆ జట్టుని నడిపేది రిటైరైన లెక్చరరమ్మ ఒకావిడ. ఆవిడ పద్ధతులు వేరు. ఎవరు నోరు విప్పినా ముందు తమకి తెలియనిది ఒకటి చెప్పాలి. "తెలిసింది తర్వాత చెబుదురుగాని, దానికేం తొందర" అనేది. ఒక్కొక్కరూ తమ పనిలో ఎండ వల్ల ఎదురైంది ఒకటి రాయాలి. దాన్ని వేరే ఊళ్లవాళ్లు ముగ్గురు చదివి ప్రశ్నలు అడగాలి. సలహా ఇవ్వకూడదు. "సలహా ఇవ్వాలనిపిస్తే మంచినీళ్లు తాగండి" అనేది. మొదట్లో పెద్ద పెద్ద డాక్టర్లు కూడా గటగటా నీళ్లు తాగుతూ కనపడేవారు.

బస్సు డిపోలో పనిచేసే డాక్టరొకాయన, మధ్యాహ్నం బండ్ల మీద డ్రైవర్లకి కళ్లు తిరుగుతున్నాయని రాశాడు. దూరపు ఊళ్లో కాన్పులు చేసే నర్సమ్మ, ఎండ మండే వారాల్లో నెలలు నిండకుండానే పిల్లలు పుడుతున్నారని రాసింది. ఒకళ్లకి తెలిసింది ఇంకొకళ్లకి పనికొచ్చేది. నర్సమ్మ కాన్పుల గది కిటికీకి తడి గుడ్డ కట్టిందని విని, డాక్టరు డిపో విశ్రాంతి గదికీ కట్టించాడు. నాలుగు డిగ్రీలాయన మాత్రం మూలన కూర్చుని వినేవాడు. తెలియనిది చెప్పమంటే "నాకేమీ తెలియదండీ" అనేవాడు.

"అది లెక్కలోకి రాదు" అనేది లెక్చరరమ్మ.

ఒకసారి డిపో డాక్టరు తనకి తెలియనిది చెప్పాడు. "ఎండలు నిజంగా పెరిగాయా, మనకి వయసు మీదపడి అలా అనిపిస్తోందా? నాకు తెలియదు." అందరూ తలో మాటా అన్నారు. మా చిన్నప్పుడూ ఇంతే అని ఒకరు, అబ్బే అని ఒకరు. ఈయన దగ్గాడు.

"నా దగ్గర ఉన్నాయండీ" అన్నాడు.

"ఏమున్నాయి?"

"సాయంత్రాలు. ఐదింటివి. ఇరవై తొమ్మిదేళ్లవి."

వారం తర్వాత చదివి వినిపించాడు. మొదటి ఐదేళ్లలో, వరండాలో నలభై రెండు దాటిన సాయంత్రాలు వేసవికి ఆరో ఏడో. ఈ మధ్య ఐదేళ్లలో ఏ వేసవిలోనూ అలాంటి సాయంత్రాలు ముప్పైకి తగ్గలేదు. చదవడం అయ్యాక అవతల పదిహేనుమంది కిక్కురుమనలేదు. ఫోన్ చచ్చిపోయిందేమోనని ఆయన దాన్ని తట్టి చూశాడు కూడా. తన మాట కోసం అంతమంది ఒక్కసారిగా ఆగడం ఆయన ఎరగడు. ఆ సాయంత్రం ఇంటికెళ్లి, చాన్నాళ్ల తర్వాత కూర్చుని భోంచేశాడు.

ఆయన చదివాక అందరికన్నా ముందు మాట్లాడింది రిజిస్ట్రారమ్మ. పురపాలక ఆఫీసులో పుట్టుకలూ చావులూ రాసే ఉద్యోగం ఆవిడది. తీరా మాటల్లో తేలిందేమిటంటే ఆవిడదీ ఆయనదీ ఒకే ఊరు. వరండాలో నిలబడితే ఆవిడ ఆఫీసు మీది నీళ్ల ట్యాంకు కనపడుతుంది. ఇద్దరూ పాతికేళ్లుగా రెండు వీధుల ఎడంలో, ఆవిడ చావులూ ఈయన ఎండా రాసుకుంటూ వచ్చారు. ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

"మా రిజిస్టర్లో వడదెబ్బ అన్న మాటే ఉండదండీ" అంది ఆవిడ. "డాక్టర్లు గుండె అని రాస్తారు, నేను గుండె అని ఎక్కిస్తాను. మీ ఎండలూ నా చావులూ పక్కపక్కన పెట్టి చూద్దామా? నాకు పదకొండు వేసవులు కంప్యూటర్లో ఉన్నాయి."

రెండు నెలలు ఆ పనే చేశారు. ఈయన చార్టులు చూసి అంకెలు కాగితం మీద రాసి, ఫొటో తీసి పంపేవాడు, ఆవిడ వాటి పక్కన మనుషుల లెక్క వేసేది. "మీ ఏడు మళ్లీ ఒకటిలా ఉందండీ" అని ఆవిడ సందేశం పెడితే, "నా ఏడుకి నడుం వంగదండీ" అని ఈయన జవాబు. తేలిందిది: మామూలు రోజున ఊళ్లో ఇద్దరు పోతున్నారు. వరండాలో నలభై రెండు దాటిన రోజున ఐదుగురు, ఆరుగురు. అందరికీ గుండెజబ్బే. లెక్చరరమ్మ ఉండబట్టలేక, రూలు మర్చిపోయి, దీన్ని పైకి పంపాల్సిందే అని సలహా ఇచ్చేసి నాలుక కరుచుకుంది. ఈ లెక్క నిలబడితే ఎండ మండే రోజుల్లో ఇళ్లకి మనుషుల్ని పంపి చూడమని ఊరి పెద్దల్ని అడగొచ్చు. అందరికీ హుషారు వచ్చింది.

ఆ తర్వాతి శనివారం రిజిస్ట్రారమ్మ అంది, "ఒక్క రోజు మాత్రం కుదరట్లేదండీ. ఎనిమిదేళ్ల కిందటిది. ముందురోజు నలభై నాలుగు, మర్నాడు నలభై మూడు. ఆ రోజు సాయంత్రం మీరు ముప్పై నాలుగు అని రాశారు. ఏడుగురు పోయారు. చల్లటి రోజున ఏడుగురేంటి? ఈ ఒక్కదాన్ని పట్టుకుని మొత్తం లెక్కే తప్పంటారు పైవాళ్లు."

ఆవిడ, పోయినవాళ్లలో ఏమైనా తేడా తెలుస్తుందేమోనని, ఆ రోజు జాబితా చదవడం మొదలుపెట్టింది. పేర్లు చదవకూడదు కాబట్టి వయసూ పనీ మాత్రం. మగ, డెబ్బై ఒకటి, వాచ్‌మన్, గుండె. మగ, యాభై, తాపీ మేస్త్రి, గుండె. ఆడ, నలభై ఎనిమిది, పని ఏమీ లేదు, గుండె.

"పని లేకపోవడమేంటండీ?" అన్నాడు నాలుగు డిగ్రీలాయన. "బట్టలు కుట్టేది."

అనేశాక గాని తను అన్నది తనకి వినపడలేదు.

"మీకు తెలిసినావిడా?" అంది రిజిస్ట్రారమ్మ.

"తెలిసినావిడే" అని, సిగ్నల్ సరిగా లేదని గొణిగి ఫోన్ కట్టేశాడు. సిగ్నల్ నిక్షేపంలా ఉంది.

జరిగింది ఇది. ఆ రోజు పన్నెండింటికి ఊళ్లో కరెంటు పోయింది. కరెంటు పోతే ఫ్రిజ్ మూత తీయకూడదు, మనిషి పక్కనే ఉండాలి, నాలుగ్గంటలు దాటితే మందుల్ని ఐసు పెట్టెల్లోకి మార్చాలి. ఆయన అదే చేస్తూ కూర్చున్నాడు. ఒంటిగంటన్నరకి భార్య ఫోన్ చేసింది.

"ఏవండీ, ఇక్కడ ఉడికిపోతున్నాను. కరెంటు ఎప్పుడొస్తుందట?"

"నాకేం తెలుస్తుంది? ఆ తొక్కుడు మిషను ఆపేసి కింద వాటాలోకి పోయి కూర్చోరాదూ?"

"సోమవారం బడి తెరుస్తారు. నలభై చొక్కాలు, ఇంకా పది ఉన్నాయి. తలుపు తీస్తే వడగాలి మొహాన కొడుతోంది, మూసుకుని కుడుతున్నా. మీరొకసారి వచ్చిపోకూడదూ?"

"నేనిక్కడ మందులు చూసుకోవాలా, నిన్ను చూసుకోవాలా?" అన్నాడు. విసుగ్గానే అన్నాడు. మొగుడూ పెళ్లాల మధ్య ఇలాంటివి రోజుకి పది నడుస్తాయి, ఎవరూ గుర్తుపెట్టుకోరు. ఆవిడ "సరే, చూసుకోండి" అని పెట్టేసింది.

నాలుగింటికి కింద వాటావాళ్లు ఫోన్ చేశారు. ఐదింటి రీడింగు వేళకి ఆయన ఆస్పత్రిలో, అత్యవసర వార్డు బయట బెంచీ మీద ఉన్నాడు. స్టోరు అక్కడికి వంద అడుగులు. ఐదుంబావుకి డాక్టరు బయటికొచ్చి, గుండె ఆగిపోయింది, మా చేతుల్లో ఏమీ లేదు అన్నాడు. మున్సిపాలిటీకి వెళ్లి కాగితాలు రాయించింది బావమరిది. పనేంటని అడిగితే "ఇంట్లోనే ఉండేదండీ" అన్నాట్ట.

పదిరోజులకి ఆయన ఉద్యోగంలోకి వచ్చి చార్టు చూశాడు. మర్నాటి నుంచీ గుమాస్తా చక్కగా రాశాడు. ఆ ఒక్క సాయంత్రం గడులు ఖాళీ. ఫ్రిజ్ గడులు అలాగే వదిలేసి, 'బయట' గడిని చూస్తూ చాలాసేపు నిలబడి, పెన్ను తీశాడు. బయట ముప్పై నాలుగు అని రాశాడు. ముప్పై నాలుగంటే మామూలు రోజు. మామూలు రోజున గుండె ఆగిపోతే ఎవరు మాత్రం ఏం చేస్తారు? వెళ్లి చూడలేదని మొగుణ్ని ఎవరంటారు? ఎవరూ అనలేదు. ఎనిమిదేళ్లుగా ఎవరూ అనలేదు. రాసిందాన్ని ఆయనా నమ్మేశాడు. మనిషి తనకి తాను చెప్పుకున్న అబద్ధానికి సంతకం కూడా పెట్టుకుంటే ఇక దాన్ని కదిపేవాళ్లుండరు.

సోమవారం రిజిస్ట్రారమ్మ సందేశం పెట్టింది. "ఆ ముప్పై నాలుగు చెయ్యి తప్పి రాసినట్టున్నారు. నలభై నాలుగేనేమో చూడండి. నలభై నాలుగైతే లెక్క సరిగ్గా అతుకుతుంది. మార్చెయ్యనా? ఊఁ అనండి చాలు."

ఇంత మేలైన దారి దేవుడు కూడా చూపించడు. ఊఁ అంటే చాలు. ఎవరూ ఏమీ అడగరు, లెక్క అతుకుతుంది, జట్టుకి పేరొస్తుంది, భార్య చావు ఎండ చావుల్లో చేరుతుంది. అసలు ఆ రోజు నలభై నాలుగే అయ్యుంటుంది కూడా. ఎవరు కాదంటారు? కానీ ఆయన చూడలేదు. చూడకుండా ఒకసారి రాసింది చాలదా, రెండోసారి కూడా రాయాలా?

నిజం చెప్పాలంటే ఆయన భయం వేరే ఉంది. ఇరవై తొమ్మిదేళ్ల చార్టులని నమ్మి పదిహేనుమంది మనుషులు ఆయన్ని మనిషిగా చూస్తున్నారు. ఒక్క గడి కాకిలెక్కని తెలిస్తే మిగతా గడులు నమ్ముతారా? శనివారం మూడింటికి మళ్లీ ఆ రేకుల గదిలో కూర్చోవాలంటే ఆయనకి దడ పుట్టింది. ఆ వారం సందేశాలకి జవాబివ్వలేదు. ఫ్రిజ్‌ల దగ్గర నిలబడి అంకె చూసి, చార్టు దాకా వచ్చేసరికి మర్చిపోయి, మళ్లీ వెళ్లి చూసేవాడు.

శనివారం వచ్చింది. ఫోన్ డబ్బాకి ఆనించాడు. తన వంతు వచ్చినప్పుడు పాత చార్టు చేతిలో పట్టుకుని చెప్పాడు.

"ఆ ముప్పై నాలుగు తప్పండీ. నలభై నాలుగూ కాదు. నేను చూడలేదు. ఆ సాయంత్రం నేనిక్కడ లేను. ఆ బట్టలు కుట్టే ఆవిడ నా భార్య."

ఎవరో మంచినీళ్లు తాగిన చప్పుడైంది.

"మిగతావన్నీ చూసి రాసినవే" అన్నాడు. "నమ్మడం మానడం మీ ఇష్టం."

రిజిస్ట్రారమ్మ అడిగింది, "మరి ఆ రోజుకి అంకె లేనట్టేనా?"

"లేదండీ."

"అంకె లేకపోతే ఆ రోజుని లెక్కలోంచి తీసెయ్యాలి. ఏడుగుర్నీ." గొంతు తగ్గించి, "ఆవిడ్ని కూడా" అంది.

"తీసెయ్యండి" అన్నాడు. ఆ మాట అనేటప్పుడు ఆయనకి ఏడుపొచ్చింది. దాచుకోలేదు.

ముప్పై నాలుగు మీద ఒక్క గీత కొట్టి, పక్కన 'నేను లేను' అని రాసి, ఆనాటి తేదీ వేసి సంతకం పెట్టాడు. జట్టులో ఆయన్ని ఎవరూ వెలివేయలేదు. పాత తప్పు ఒప్పుకున్నాడు కాబట్టి మిగతా అంకెలు ఇంకా గట్టివన్నాడు డిపో డాక్టరు. లెక్చరరమ్మ మాత్రం ఇదంతా రాసి ఇవ్వమంది, అందరిలాగే. రాసిచ్చాడు. ముగ్గురు చదివారు. ఇద్దరు చార్టుల గురించి అడిగారు. కాన్పుల నర్సమ్మ ఒకటే ప్రశ్న పంపింది: "మీ వరండాలో ఎంతో చెప్పారు. ఆవిడ కూర్చున్న చోట ఎంత ఉండేది?"



మంగళవారం మున్సిపాలిటీకి వెళ్లాడు. తప్పు సవరించాలంటే దగ్గరి బంధువే వచ్చి కాగితం ఇవ్వాలి. కౌంటరు వెనక రిజిస్ట్రారమ్మ ఫోన్లో కనపడినదానికన్నా పొట్టిగా ఉంది. ఇద్దరికీ ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు.

"ఎలా ఉన్నారండీ?" అంది ఆవిడ.

నాలుగు డిగ్రీలని నోటిదాకా వచ్చి ఆగిపోయింది. "రిజిస్టర్లో మా ఆవిడ పని మార్పించుకుందామని వచ్చానండీ" అన్నాడు.

ఆవిడ రిజిస్టరు తెచ్చి, 'పని లేదు' మీద ఒక్క గీత కొట్టి, 'దర్జీ' అని గుండ్రటి అక్షరాలతో రాసింది. వెనక వరసలో జనం ఉన్నారు. ఆయన పక్కకి జరిగాడు. టీ తాగి వెళ్లమందామని ఆవిడ తలెత్తేసరికి మెట్లు దిగిపోయాడు.

ఆ రోజు స్టోరు బీరువాలోంచి ఒక థర్మామీటరు తీసుకుని, పుస్తకంలో రాసి సంతకం పెట్టి, జేబులో వేసుకుని ఇంటికెళ్లాడు. ఇరవై తొమ్మిదేళ్లుగా ఆయన చేతికింద డజన్లకొద్దీ థర్మామీటర్లు ఉన్నాయి. ఇంటికి ఒక్కటీ తేలేదు. గోడకి, ఆవిడ కొలత టేపు తగిలించే మేకుంది. దానికే తగిలించాడు. బుధవారం మధ్యాహ్నం నుంచీ సెలవు పెట్టి, ఐదింటి రీడింగూ, రెండున్నరకి వరండా చూసి రాసే పనీ గుమాస్తాకి అప్పగించి, ఒంటిగంటన్నరకల్లా ఇంటికొచ్చి, తలుపు మూసి, ఫ్యాను కట్టేసి, మిషను మీది దుప్పటి తీసి, ఆవిడ స్టూలు మీద కూర్చున్నాడు.

శనివారం లెక్చరరమ్మ ఎప్పటిలాగే అడిగింది, "మీకు తెలియనిది ఏంటండీ?"

"ఆ రోజు మా ఇంట్లో ఎంత వేడి ఉందో నాకు తెలియదు" అన్నాడు. "ఇక ఎప్పటికీ తెలియదు."

"తెలిసింది?"

"మొన్న బుధవారం వరండాలో నలభై. అదే వేళకి మా గదిలో నలభై ఆరు. ఇన్నేళ్లూ నేను రాసింది ఎండ వేడిమే గాని మనుషులున్న చోటు వేడి కాదండీ. మీ మీ ఇళ్లలో కూడా ఒకటి తగిలించుకోండి." సలహా ఇచ్చానని గుర్తొచ్చి ఆగాడు. ఎవరూ తప్పు పట్టలేదు. పెన్నులు గీసిన చప్పుడు వినపడింది.

"ఇంకేమైనా ఉందా?" అని నెమ్మదిగా అడిగింది లెక్చరరమ్మ.

"తలుపు మూసుకుని గంటసేపు కూర్చోగలిగాను. తర్వాత కళ్లు తిరిగి బయటికొచ్చేశాను. ఆవిడ నాలుగింటిదాకా కూర్చుంది." ఫోన్ డబ్బాకి సరిగ్గా ఆనించాడు. "మా బావమరిది బడికి ముప్పై ఏడు చొక్కాలు ఇచ్చాడు. ముప్పై ఎనిమిదోది ఇంకా సూది కిందే ఉందండీ. ఒక చెయ్యి కుట్టి ఉంది."